బయటి గాలి మాట నమ్మేముందు

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంటి వెదర్ స్టేషన్‌లో భాగాలు రెండే. లోపల బల్ల మీద ఒక తెర, బయట ఒక సెన్సర్. రెండింటికీ మధ్య తీగ ఉండదు. బయట కొలిచిన వేడినీ తేమనీ సెన్సర్ ఇంచుమించు నిమిషానికోసారి రేడియో తరంగాల మీద లోపలికి పంపుతుంది. చాలా మోడళ్ళు వాడేది 433 మెగాహెర్ట్జ్. అంటే అదీ ఓ బుల్లి ప్రసార కేంద్రమే.

కొనగానే బయట తగిలించేయాలని చేతులు ఉబలాటపడతాయి. కాస్త ఆగండి. ముందు బ్యాటరీలు వెయ్యండి. చాలావాటిలో సెన్సర్‌కి ముందు, తెరకి తర్వాత వెయ్యాలి. ఆ వరస దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. ఛానల్ నంబరు రెండింటిలోనూ ఒకటే ఉండాలి. తర్వాత రెండింటినీ ఒకే బల్ల మీద రెండు గంటలు పక్కపక్కనే ఉంచండి. లోపలి వేడి, బయటి వేడి అని చూపే రెండు అంకెలూ దగ్గరదగ్గరగా రావాలి. ఒక డిగ్రీ తేడా మామూలే.

వేడి సంగతి సరే, తేమ అంకెను ఎలా నమ్మడం? దానికి నాకెంతో ఇష్టమైన పరీక్ష ఒకటుంది. కావలసింది ఉప్పు. మనం రోజూ తినే ఉప్పే.

ఒక సీసా మూతలో ఉప్పు పోయండి. చుక్క చుక్కగా నీళ్ళు వెయ్యండి. తడి ఇసుకలా కావాలి, అంతే. ఉప్పు కరిగి నీళ్ళైపోకూడదు. ఆ మూతనూ సెన్సర్‌నూ గాలి చొరబడని జిప్ సంచిలో పెట్టండి. తడి సెన్సర్‌కి తగలకుండా చూడండి. సంచి మూసి, ఎండా ఫ్యానుగాలీ తగలని చోట రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున సంచి తెరవక్కర్లేదు. లోపలి తెర చూస్తే చాలు, అంకె వచ్చేస్తుంది.

అక్కడ 75 శాతం ఉండాలి. ఎందుకంటే, సంచిలో గాలి పొడిగా ఉంటే తడి ఉప్పు నీటిని వదులుతుంది. తేమ ఎక్కువైతే తానే పీల్చుకుంటుంది. అలా వదులుతూ, పీలుస్తూ గాలిని 75 దగ్గర నిలబెడుతుంది. గది వేడి కాస్త పెరిగినా తగ్గినా ఆ 75 పెద్దగా మారదు. మీ సెన్సర్ 71 చూపిందనుకోండి, 4 తక్కువ చూపిస్తోందని ఓ చీటీ మీద రాసి తెర వెనక అంటించండి.

ఇక సెన్సర్‌కి చోటు. నీడ, గాలి. మళ్ళీ చెబుతున్నాను, నీడ, గాలి. ఎండలో పెడితే అది కొలిచేది గాలి వేడిని కాదు, తన ప్లాస్టిక్ డొప్ప వేడిని. లైట్‌హౌసులు కట్టిన స్కాట్లండ్ ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ 19వ శతాబ్దంలోనే దీనికి ఉపాయం చెప్పాడు. తెల్లరంగు వేసిన చెక్కపెట్టె, చుట్టూ ఏటవాలు పలకల సందులు. ఎండ పడదు, గాలి ఆడుతుంది. నేలకు మీటరుంబావు నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉంచండి. వేడెక్కే గోడకి ఆనించొద్దు. తెరకీ సెన్సర్‌కీ మధ్య ఇనుప తలుపు లాంటిది అడ్డొస్తే సంకేతం సరిగా అందకపోవచ్చు.

చివరగా గాలి పీడనం. చాలావాటిలో దాన్ని కొలిచేది బయటి సెన్సర్ కాదు, లోపల బల్ల మీదుండే తెరే. సముద్రమట్టం దగ్గర సగటున 1013 హెక్టోపాస్కల్స్ ఉండే పీడనం, 400 మీటర్ల ఎత్తులో 966కి దిగుతుంది. అందుకే మీ ఊరి ఎత్తు అందులో నమోదు చెయ్యండి.

వానొస్తుందో లేదో చెప్పడానికి తెర మీద కనిపించే మబ్బు బొమ్మకన్నా పీడనం అంకె మీదే నాకు గురి. ఆ బొమ్మ కూడా ముఖ్యంగా పీడనం మారే తీరును బట్టే వస్తుంది. అయితే భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో పీడనం రోజుకు రెండుసార్లు దానంతటదే పెరిగి తగ్గుతుంది. పొద్దున పదింటికి ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి తక్కువ. ఈ దిగుడును చూసి వాన అనుకోకండి. సాయంత్రం నాలుగింటి అంకెను నిన్నటి నాలుగింటి అంకెతో పోల్చండి. అప్పటికీ బాగా తగ్గి ఉంటే, ఆరేసిన బట్టలు తీసెయ్యండి.