వంటగట్టు కాదు బాబూ, గోడలో ఇసుక సంగతి చూడండి!

ఆపండి ఆ గ్రానైట్ గోల! బరంపురంలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే వీడియో: ఒకాయన గ్రానైట్ వంటగట్టుకి రేడియేషన్ మీటరు ఆనించి, 0.30 పడగానే "ఏడాదికి 2.6 మిల్లీసీవర్టులు, మీ వంటిల్లే ఎక్స్‌రే గది" అని కేకలు (సీవర్టు అంటే ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). మా పిన్ని ఫోన్ చేసి గట్టు పీకించేయనా అంటోంది, చూడండి ఎంత టెన్షన్ పెట్టాడో!

ఆయన చేసిందేంటి? గంటకి 0.30 మైక్రోసీవర్టుల్ని (మిల్లీలో వెయ్యో వంతు మైక్రో) ఏడాదిలోని 8,760 గంటలతో గుణించేశాడు. అంటే పిన్ని ఏడాది పొడుగునా పగలూ రాత్రీ ఆ రాతి మీదే పడుకోవాలన్నమాట! అసలు గది మధ్యలో, నేలకి మీటరు ఎత్తున కొలవాలి. అక్కడ 0.15 వచ్చిందనుకోండి, అది గోడలూ నేలా ఆకాశమూ కలిసి ఎలాగూ ఇచ్చేదే. మిగిలిన 0.15 రాయిది. రోజుకి రెండు గంటల వంట, ఏడాదికి 730 గంటలు, మొత్తం 0.11 మిల్లీసీవర్టు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు వస్తోంది మరి!

గట్టు ఒక్క పలక. గోడలు నాలుగు వైపులా, పైన స్లాబు. వాటికి వేరే లెక్క ఉంది: గోడ కట్టిన సరుకులో కిలోకి ఎన్ని బెకెరెల్‌లో (సెకనుకి ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో ఆ లెక్క) కొలిచి, రేడియంని 300తో, థోరియంని 200తో, పొటాషియంని 3000తో భాగించి కూడాలి. మొత్తం ఒకటి దాటకపోతే ఆ గోడల గామా కిరణాల వల్ల ఏడాదికి ఒక మిల్లీసీవర్టు లోపే. చూశారా, థోరియాన్ని చిన్న అంకెతో భాగిస్తున్నాం, అంటే ఈ లెక్కలో రేడియం కంటే దాని ప్రభావమే ఎక్కువ!

ఆ థోరియం మన గంజాం తీరంలోనే ఉంది కదండీ. ఛత్రపురం దగ్గర అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయే, అందులో ఇల్మెనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ ఉంటుంది, థోరియం దాంట్లోదే. ఆ ఇసుక కోసమే అక్కడ ప్రభుత్వ ఫ్యాక్టరీ నడుస్తోంది, అయినా మన జనానికి భయం మాత్రం రాజస్థాన్ నుంచి లారీలో దిగిన రాయంటే!

నా అనుమానం ఒక్కటే, రుజువు లేదు, ఒప్పుకుంటా: చవకగా వస్తోందని సముద్రపు ఇసుక గోడల్లోకి ఎక్కేస్తుంటే? ఉప్పుకి చువ్వలు తుప్పు పట్టడం ఎలాగూ ఉంది. మేస్త్రీని టైల్స్ రంగు గురించి పదిసార్లు అడుగుతాం, ట్రాక్టర్‌లో ఇసుక ఏ రేవుదని ఒక్కసారైనా అడిగామా? మీ ఇంటికి ఋషికుల్య నది ఇసుకా, తీరం ఇసుకా, కామెంట్లో పెట్టండి. పిన్నీ, గట్టు జోలికి పోకు!