పేగులో పేగు దూరితే

శ్రోతలందరికీ నమస్కారం.

కడుపునొప్పి అనగానే మన విశాఖలో చాలామంది ముందు వెళ్లేది మందుల షాపుకే. ఒక గ్యాస్ మాత్ర, దాని మీద ఓ సోడా. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది కూడా. కానీ ఒక రకం నొప్పి ఉంది. మెలిపెట్టినట్టు వస్తుంది, కాసేపు వేధించి తగ్గిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ తగులుకుంటుంది. నెలల తరబడి ఇలా వచ్చిపోయే నొప్పి వెనక అరుదుగా ఇంటససెప్షన్ ఉంటుంది. అంటే, పేగులోకి పేగు దూరిపోవడం. పొడుగు చేతుల చొక్కా విప్పేటప్పుడు చెయ్యి లోపలికి మడుచుకుపోతుంది చూడండి, అలాగన్నమాట.

"ఇది పసిపిల్లల జబ్బు కదండీ" అంటారు. నిజమే, ఎక్కువగా చంటిపిల్లలకే వస్తుంది, వాళ్లలో చాలామందికి కారణమంటూ దొరకదు. మొత్తం కేసుల్లో పెద్దవాళ్లు నూటికి 5 మంది ఉంటారేమో. అయితే ఆ పెద్దవాళ్లలో పదిమందిని తీసుకుంటే దాదాపు తొమ్మిది మందికి లోపల గడ్డలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. పేగు అన్నాన్ని ముందుకు నెట్టినట్టే ఆ గడ్డనూ నెడుతుంది. గడ్డ గోడకు అంటుకుని ఉంటుంది గనక గోడా దాని వెంట పోతుంది, రక్తనాళాలూ పోతాయి. అవి నలిగి, పేగు వాచి, చివరికి నల్లబడుతుంది.

చిన్నపేగులో అయితే అది చాలావరకు కొవ్వుగడ్డో, పాలిప్పో (పేగు లోపలి గోడ నుంచి పెరిగే పిలక), పాత ఆపరేషన్ వల్ల ఏర్పడిన అతుకో అవుతుంది. పెద్దపేగులో మాత్రం సగం మందికో, అంతకంటే ఎక్కువ మందికో క్యాన్సర్ బయటపడుతుంది. పెదాల మీద, బుగ్గల లోపల నల్లమచ్చలుంటే పేగుల్లో పాలిప్పులు పెరిగే ఒక వంశపారంపర్య జబ్బు ఉండొచ్చు. నొప్పి కడుపులో అంటే డాక్టరు నోరు తెరవమంటాడేమిటని విసుక్కోకండి.

సీటీ స్కాన్‌లో ఇది వలయంలో వలయంలా కనిపిస్తుంది. వేరే దేనికోసమో తీసిన స్కాన్‌లో కొద్దిపాటి మడత కనిపించి, నొప్పీ గడ్డా ఏమీ లేకపోతే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. దానికి కత్తి అక్కర్లేదు.

మిగతావారికి సాధారణంగా ఆపరేషనే. పెద్దపేగైతే మడతను లాగి విడదీయడానికి మేం సర్జన్లం చూడం. వాచిన పేగు చిరగొచ్చు, లోపలున్నది క్యాన్సరైతే కణాలు చెదరొచ్చు. అందుకని ఉన్నదున్నట్టు, పక్కనున్న లింఫ్ గ్రంథులతో సహా తీసేస్తాం. చిన్నపేగులో, ప్రమాదం లేని గడ్డేనని నమ్మకం ఉంటే, మడతను కొన వైపు నుంచి మెల్లగా వెనక్కి నొక్కుతూ విడిపిస్తాం. ఆ తర్వాత గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన ప్యాడ్లు కప్పి కాసేపు ఆగుతాం. ఊదారంగు గులాబీకి తిరిగి, పేగు కదలడం మొదలైతే గడ్డ ఉన్న ముక్క వరకే తీస్తాం. తిరగకపోతే ఆ భాగమంతా తీసి, రెండు కొసలనూ దారంతోనో స్టేప్లర్‌తోనో కలుపుతాం. చిన్నపేగు మీటర్ల కొద్దీ ఉంటుంది, ఒక అడుగు పోయినా తిండికి లోటు రాదు. పేగు చిల్లిపడి చీము పట్టి ఉంటే కొన్నాళ్లు మలం బయటికి పోయేలా పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చు.

పాడేరు వైపు నుంచో, శ్రీకాకుళం నుంచో విశాఖలోని కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ హాస్పిటల్) రావాలంటే దూరమే. కడుపు ఉబ్బి, వాంతులాగక, విరేచనంలో రక్తం పడుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. "గ్యాస్ పోతోందా?" అని అడిగితే సిగ్గుపడి నవ్వుతారు. సర్జన్‌కి అది లక్ష రూపాయల ప్రశ్న, గ్యాస్ ఆగిపోతే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి.

ఇంకో మాట. తీసిన ముక్క బయాప్సీకి వెళుతుంది. కుట్లు విప్పగానే ఆ రిపోర్టు తీసుకోకుండా ఊరెళ్లిపోయేవాళ్లున్నారు. కీమో అవసరమా కాదా తేలేది ఆ కాగితంతోనే.