అంగడి మీది, పేరు ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

మా వదినకు అనంతపురం పాతూరులో చిన్న వ్యాపారం ఉంది. ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, చెనిక్కాయల ఉంటలు చేసి అమ్ముతుంది. రొట్టె కరకరలాడేట్టు ఎండితే చాలా రోజులు నిలవ ఉంటుంది కాబట్టి బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్న మనవాళ్లు తెప్పించుకుంటారు. తెలిసిన కుర్రాడొకడు ఆమెకు వెబ్‌సైట్ చేసి పెట్టాడు. బాగానే చేశాడు. ఏడాది తిరిగిన కొన్నాళ్లకు ఒకరోజు పొద్దున్నే నాకు ఫోన్.

"ఏమప్పా, నా అంగడి కనపల్లేదే! యాడికి పాయ?"

వెతికితే తేలిందేమంటే, వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్, ఆ కుర్రాడు తన ఈమెయిల్‌తో తీసుకున్నాడు. తర్వాత ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. ఆ పాత మెయిల్ చూడటమే మానేశాడు. డాట్ కామ్ పేరు గడువు తీరేముందు సుమారు నెల రోజుల ముందొకసారి, వారం ముందొకసారి గుర్తుచేయాలని నియమం ఉంది. గుర్తుచేశారు కూడా. ఆ ఉత్తరాలన్నీ ఎవరూ తెరవని పెట్టెలో పడ్డాయి. గడువు దాటాక పేరు అమ్మిన కంపెనీ కొన్నాళ్లు ఆగింది, ఆ తర్వాత రద్దు చేసింది. రద్దయిన డాట్ కామ్ పేరును తిరిగి తీసుకోవడానికి 30 రోజులు ఉంటాయి. అయితే మామూలు ఫీజు కాక అదనంగా కట్టాలి, కుదువ పెట్టిన నగను వడ్డీ కట్టి విడిపించుకున్నట్టు. కుర్రాడు మంచివాడు కాబట్టి అడగ్గానే పాత మెయిల్ తెరిచి పని పూర్తి చేశాడు. ఆ 30 రోజులు కూడా దాటి ఉంటే, ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు.

అందుకే కొత్తగా వ్యాపారం పెట్టి వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లకు నేను రంగుల గురించీ డిజైన్ గురించీ చెప్పే ముందు ఈ సంగతి చెబుతాను. డొమైన్‌ను మనం కొనుక్కోం, గుత్తకు తీసుకుంటాం. ఒక ఏడాదికి తీసుకోవచ్చు, గరిష్ఠంగా పదేళ్లకు తీసుకోవచ్చు. గుత్త కాగితం మీద పేరు మీదే ఉండాలి. మెయిల్ మీది, ఫోన్ నంబరు మీది, డబ్బు కట్టిన రసీదు మీది. సైటు చేసేవాడు మీ తమ్ముడైనా సరే. పాస్‌వర్డ్ ఇంటిపన్ను రసీదులు దాచే చోట రాసి పెట్టుకోండి. ఇక హోస్టింగ్ అనేది వేరే ఖర్చు. పేరు బోర్డయితే, హోస్టింగ్ సరుకు పెట్టుకునే గదికి కట్టే బాడుగ. గది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బోర్డు పోతేనే కష్టం.

పేరు ఎంచుకోవడంలోనూ ఒక చిక్కుంది. మన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక రకంగా రాస్తాం. రొట్టెకు ఒక 'టి'నా, రెండు 'టి'లా? చివర 'ఇ'నా, 'ఐ'నా? అంతెందుకు, అనంతపురాన్ని 'హెచ్' పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టకుండా రాసేవాళ్లున్నారు. కడప స్పెల్లింగు 2005లో మారింది, పాతది రాసే చేతులు ఇంకా పాతదే రాస్తున్నాయి. కాబట్టి పేరు ఖాయం చేసేముందు ఊళ్లో ఉన్న చుట్టానికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారి చెప్పి, టైప్ చేయమనండి. తప్పు కొడితే పేరు మార్చుకోండి, చుట్టాన్ని తిట్టకండి. తెలుగు లిపిలోనే పేరు పెట్టుకుని చివర 'డాట్ భారత్' అని కూడా తీసుకోవచ్చు. నాకైతే అది చూస్తే సంతోషమే. కానీ కొనేవాడు కీబోర్డు మార్చి కొట్టాలి కదా, అందుకే దాన్ని రెండో పేరుగా పెట్టుకోమంటాను.

తెలుగు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా వదిన కరపత్రం డీటీపీ చేయించిన చోట నుంచి ఫైలు తెచ్చి, అందులోని మాటల్ని సైటులో అతికిస్తే, జొన్నరొట్టె బదులు ఆశ్చర్యార్థకాలూ డాలర్ గుర్తులూ వచ్చాయి. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చినవి. ఆ ఫాంటు లేని ఫోన్‌లో అసలు రంగు బయటపడుతుంది. యూనికోడ్ అని, అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతి ఒకటుంది. అందులో మన ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంది, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. ఫోన్‌లో మామూలుగా కొట్టే తెలుగు అదే. మరికొందరు ఈ బాధ పడలేక కరపత్రం ఫోటోనే సైటులో పెట్టేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ అందులోని ఫోన్ నంబరు నొక్కితే ఫోన్ వెళ్లదు, గూగుల్‌లో వెతికేవాడికి ఆ మాటలు సరిగా దొరకవు.

ఫోటోల దగ్గర మాత్రం కొంచెం ఓపిక పట్టండి. వదిన మొదట రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఫ్లాష్ వేసి తీసింది. రొట్టెలు సున్నం కొట్టిన పెంకుల్లా కనిపించాయి. పొద్దున ఏడున్నరకు వంటింటి కిటికీ పక్కన స్టీలు పళ్లెంలో పేర్చి, పైరొట్టెను సగానికి విరిచి, పక్కన గిన్నెలో చెనిక్కాయల పొడి పెట్టి తీశాం. విరిగిన అంచు పొరలు కనిపించాయి, పెనం మీద పడిన నల్లమచ్చలు కనిపించాయి. అదే ఫోన్, అదే రొట్టె. ఫోన్ ఫోటో ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. దాన్ని రెండు మూడు వందల కేబీలకు తగ్గించి పెట్టండి. లేకపోతే పల్లెలో సిగ్నల్ అందక తెల్లతెర చూస్తూ కూర్చుంటారు.

ఆర్డర్లకు మొదట్లో వాట్సాప్ లింకు చాలు. డబ్ల్యూఏ డాట్ ఎంఇ, ఒక వాలుగీత (స్లాష్), ఆ తర్వాత 91, మీ పది అంకెల నంబరు. ప్లస్ గుర్తు వద్దు, ముందు సున్నా వద్దు. డబ్బు యూపీఐలో వస్తుంది. తినే సరుకైతే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు తీసుకుని కనిపించేట్టు పెట్టండి. ధర, బరువు, మీ చిరునామా, సరుకు పాడైతే ఏం చేస్తారో కూడా రాయండి. మామూలుగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవరు తక్కువైనా జీఎస్టీ నమోదు కావాలి. చేతివృత్తుల సరుకులకు కొన్ని మినహాయింపులున్నాయి. ఇది మాత్రం ఆడిటర్ని అడిగి చేయండి.

వెబ్‌సైట్ అందరికీ కావాలని నేననను. టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాణి బజ్జీ వేసే ఆయనకు అది దండగ ఖర్చు. గూగుల్ మ్యాప్‌లో బండి చోటు, తెరిచే వేళ, రెండు ఫోటోలు పెట్టుకుంటే చాలు, దానికి పైసా అక్కర్లేదు. ఊరు దాటి సరుకు పంపేవాళ్లకే సైటు పనికొస్తుంది.

సైటు తయారయ్యాక వదిన, నేను వైఫై లేకుండా బస్టాండుకు వెళ్లి, అక్కడ బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దాయనకు పాత ఫోన్‌లో తెరిచి చూపించాం. ఆయన మొదట ధర చూశాడు. ఫోటోలు చకచకా పైకి తోసేశాడు. తర్వాత తలెత్తి, "మా పాప హోసూరులో ఉంటాది. ఆడికి పంపుతారామ్మా?" అన్నాడు. పంపుతాం. కానీ ఆ మాట సైటులో ఎక్కడా రాయలేదు! ఆ సాయంత్రమే, ఏ ఊరికి ఎన్ని రోజుల్లో చేరుతుంది, కొరియర్ ఖర్చెంత అన్నది ధర కిందే చేర్చాం.

ఇప్పుడు వదిన వంటింట్లో గోడ క్యాలెండరు మీద, గ్యాస్ బండ వచ్చిన తేదీలూ పాల లెక్కలూ రాసుకునే చోట, ఎర్ర పెన్నుతో ఒక తేదీ చుట్టి ఉంటుంది. కింద ఆమె చేతిరాతతో "పేరు గుత్త కట్టాల" అని రాసి ఉంది.

నమస్కారం.