పుస్తకం మూసి గీస్తేనే మైండ్ మ్యాప్: మీకేం రాదో తెలుసుకునే పద్ధతి

[స్క్రీన్ మీద: రంగురంగుల మైండ్ మ్యాప్, మధ్యలో కిడ్నీ బొమ్మ]

మధ్యలో టాపిక్ పేరు, చుట్టూ కొమ్మల్లా దాని విషయాలు, ఇదే మైండ్ మ్యాప్. చూడ్డానికి భలే ఉంది కదండీ, స్కెచ్ పెన్నులు, అండర్‌లైన్లు, అన్నీ. కానీ దీన్ని గీసిన అమ్మాయిని, కిడ్నీలో రోజుకి 180 లీటర్ల దాకా ఫిల్టర్ అవుతుంటే యూరిన్ లీటరున్నరే ఎందుకొస్తుందమ్మా అని అడిగితే నోట మాట రాదు, ఎందుకంటే టెక్స్ట్‌బుక్ ఎదురుగా పెట్టుకుని చూసి దించేసింది. దీనికి డ్రాయింగ్‌లో అయితే ఫుల్ మార్కులు వెయ్యొచ్చు.

నమస్తే అండి, గుంటూరు బ్రాడీపేట నుంచి. ఇక్కడ సాయంత్రం ఏ లైన్లోకెళ్లినా ట్యూషన్ల సైకిళ్లే, ఎన్ని గంటలు చదివావురా అని అడిగేవాళ్లే గానీ నీకేం రాలేదో నీకు తెలుసా అని అడిగే నాథుడు లేడు. అది తెలుసుకోవడమే మెటాకాగ్నిషన్‌లో అసలు సంగతి. 1970ల్లో జాన్ ఫ్లావెల్ అనే అమెరికా సైకాలజిస్టు వాడుకలోకి తెచ్చిన మాట అది, మన చదువు మీద మనమే ఓ కన్నేసి ఉంచడం అన్నమాట.

సరే, ఎలా చెయ్యాలి? చాప్టర్ చదివాక పుస్తకం మూసేసి అలా టీ తాగి రండి, ఆ గ్యాప్ కావాలి, వెంటనే గీస్తే పేజీ ఇంకా కళ్లముందే ఉంటుంది, అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఇప్పుడు తెల్లకాగితం అడ్డంగా పెట్టి మధ్యలో నెఫ్రాన్, అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి గొట్టం, దాని పేరు రాసి, గుర్తున్నదంతా బ్లూ పెన్నుతో కొమ్మలు కొమ్మలుగా గీసెయ్యండి.

[క్లోజప్: కాగితం, బ్లూ గీతలు]

పుస్తకం తెరవకముందే ఇంకో పని ఉంది. ప్రతి కొమ్మ పక్కన, ఖాయంగా వచ్చు అనుకుంటే టిక్కు, డౌటుంటే క్వశ్చన్ మార్కు. తర్వాత పుస్తకం తీసి రెడ్ పెన్నుతో దిద్దుకోండి. ఇదిగో చూడండి, నెఫ్రాన్‌లో యూ ఆకారంలో వంగే భాగం హెన్లీ లూప్, అందులో కిందికి దిగే గొట్టంలోంచి నీళ్లు బయటికి పోతాయి, పైకెక్కే దాంట్లోంచి లవణాలు పోతాయి, ఇక్కడ రెండూ తారుమారయ్యాయి, పక్కన టిక్కు మాత్రం దర్జాగా ఉంది! ఏడీహెచ్ అని రాశారు, ఒంట్లో నీళ్లు నిలిపే హార్మోన్ అది, దాన్ని నెఫ్రాన్ల చివర యూరిన్ చేరే గొట్టం, అదే కలెక్టింగ్ డక్ట్‌కి కలపాలి, గాల్లో వేలాడుతోంది, పాపం దానికి క్వశ్చన్ మార్కు పెట్టారు.

డౌటున్నది ఎలాగూ మళ్లీ చదువుతారు. టిక్కు పెట్టి తప్పు రాసిందే డేంజరు, ఆ పేజీ మళ్లీ తిప్పరు, నీట్‌లో మార్కు ఎగిరిపోయేది అక్కడే.

2011లో సైన్స్ పత్రికలో ఒక స్టడీ వచ్చింది, కార్పిక్, బ్లంట్ అని ఇద్దరు చేశారు. పాఠం ఎదురుగా పెట్టుకుని కాన్సెప్ట్ మ్యాప్ గీసినవాళ్ల కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కాన్సెప్ట్ మ్యాప్ అంటే మన మైండ్ మ్యాప్‌కి దగ్గర చుట్టమే. తమాషా ఏంటంటే పిల్లలు మాత్రం చదివిందే మళ్లీ మళ్లీ చదివితే బాగా గుర్తుంటుందనుకున్నారు.

ఇంటిగ్రేషన్ లెక్కలకి ఇది పెద్దగా పనికిరాదు లెండి, అవి చేసుకుంటూ పోవాల్సిందే.

లెక్చరర్లకి ఒక మాట, దయచేసి మ్యాపులకి మార్కులెయ్యకండి, వేశారో మళ్లీ చూసి దించడం మొదలెడతారు. పిల్లలూ, వారం ఆగి పాతది చూడకుండా కొత్త కాగితం మీద గీయండి, రెడ్ మళ్లీ అదే చోట పడితే ఇంకోసారి చదువుతూ కూర్చోవద్దు, ఆ కాగితం పట్టుకెళ్లి మీ లెక్చరర్ గారి ముందు పెట్టండి.