పొదుగుకొచ్చిన పెట్టను నీళ్లలో ముంచకండి

మండల మహిళా సమాఖ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే అందరూ తలా ఒకసారి చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను, వాళ్లేమీ అనుకోరు. ఏపీఎం మేడం, అంటే మన అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్ గారు, నాకు పది నిమిషాలిచ్చారు. 'పెరటి కోళ్లతో అదనపు ఆదాయం' అని కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ఆదాయం సంగతి చివర్లో చూద్దాం. ముందు మిమ్మల్ని ఒక మాట అడగాలి.

ఇంట్లో పెట్ట పొదుగుకొస్తే, అంటే గుడ్లు పొదగడానికి గంపలో కూర్చుంటే, అది మాన్పించాలని బకెట్టు నీళ్లలో ముంచి లేపినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సిగ్గేం లేదు, ఎత్తండి. అదిగో, సగం మంది ఉన్నారు. ముక్కులో ఈక గుచ్చినవాళ్లు? వాళ్లు ఎత్తర్లెండి.

ఎందుకు చేస్తామో నాకూ తెలుసు. పొదుగుకొచ్చిన పెట్ట గుడ్లు పెట్టదు. గుడ్లన్నీ తీసేసినా ఖాళీ గంపలోనే కూర్చుంటుంది. చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి, కుర్రుమని పొడుస్తుంది. తిండి మీద ధ్యాస ఉండదు. 'దండగ మేత' అని మనకు చిరాకు. ముంచుతాం, గంప కింద మూస్తాం, కాళ్లకు తాడు కడతాం. ఇవేవీ కుదరకపోతే ఆదివారం కూర వండేస్తాం. కానీ ఒక్కసారి దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూడండి. ఈకలు రాలి చర్మం బయటపడి ఉంటుంది, వేడిగా తగులుతుంది. గుడ్డుకు ఆ వేడి నేరుగా అందాలనే ఆ ఏర్పాటు. హేచరీలో మెషీన్ పెట్టి, థర్మామీటర్ పెట్టి, మనిషిని కాపలా పెట్టి 37.5 డిగ్రీలు నిలబెడతారు. మన పెట్ట కరెంటు బిల్లు లేకుండా ఆ పని చేస్తానని వచ్చి కూర్చుంటే మనం బకెట్టు తెస్తున్నాం.

ఈ గుణం అన్ని కోళ్లకూ ఉండదమ్మా. కోడిగుడ్ల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, కానీ ఫారాల్లో ఉండే ఆ తెల్లకోళ్లలో పొదిగే గుణాన్ని తరతరాలుగా ఏరి తీసేశారు. పొదిగితే గుడ్లు ఆగిపోతాయి కదా, వాళ్ల వ్యాపారం వాళ్లది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా, గ్రామప్రియ కూడా మంచి కోళ్లే, నేను కాదనను. మన నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే అవి అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా పెడతాయి. కానీ పొదుగుకు కూర్చోవు. అవి అయిపోతే మళ్లీ పిల్లల్ని కొనాలి, మళ్లీ అప్లికేషన్ పెట్టాలి, మళ్లీ ఆఫీసు మెట్లెక్కాలి.

ఆఫీసు అన్నాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. మేడం, రెండే నిమిషాలు. ఒక ఏడాది మా ఊరికి ఒక ఆఫీసు వాళ్లు కోడిపిల్లల్ని పంచారు. ఏ ఆఫీసో చెప్పను. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, అట్టపెట్టెల్లో తెచ్చారు. మూత తీస్తే పిల్లలన్నీ ఒక మూలకు చేరి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. టీకా వేశారా బాబూ అంటే "వేసే పంపుతారమ్మా, సంతకం పెట్టండి" అన్నాడు వచ్చిన కుర్రాడు. పెట్టాం. ఫోటో తీసుకున్నారు. రాత్రి బల్బు కింద పెట్టమని చెప్పి వెళ్లిపోయారు. ఆ రాత్రి గాలిదుమారం, తెల్లవార్లూ కరెంటు లేదు. ఇళ్లల్లో కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింద పడినవి ఊపిరాడక చచ్చాయి. ఫిర్యాదు చేద్దామని వెళ్తే "మీకు పెంచడం రాదు" అన్నారు. మాకా? మా నాయనమ్మల కాలం నుంచి పెంచుతున్న మాకు పెంచడం రాదంట!

అయితే ఆ పిల్లల్లో కొన్ని బతికాయి. మా ఎదురింటామె పెట్ట అప్పటికి పొదుగు మీద ఉంది, మర్నాడో మూడోనాడో పిల్లలు లేవాలి. ఆమె చీకట్లో, దీపం కూడా లేకుండా, ఆ పిల్లల్ని ఒక్కొక్కటిగా రెక్కల కిందకు తోసింది. తెల్లారేసరికి పెట్ట వాటిని తన పిల్లలే అనుకుంది. పగలు పెడితే ఇలా ఒప్పుకోదు, పొడిచి చంపుతుంది. రాత్రి పెట్టాలి. ఇది రాసుకోండి, మళ్లీ పని పడుతుంది.

సరే, పొదగేయడం సంగతి. మీకు తెలియనిది కాదు, కానీ ఈ మధ్య కోడళ్లు అడుగుతున్నారు. మా ఆడపడుచు అయితే సిటీ నుంచి ఫోన్ చేసి షాపు గుడ్లు పెడితే పిల్లలొస్తాయా అని అడిగింది. పుంజు తొక్కని పెట్ట గుడ్డులో పిల్లెక్కడుంటుందమ్మా? ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజన్నా తిరుగుతుండాలి. గుడ్లు వారం లోపువి కావాలి. మరీ పెద్దవీ, మరీ చిన్నవీ, పగులు ఉన్నవీ వద్దు. మట్టి అంటిందని కడగొద్దు. ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు. సన్నకొన కిందికి పెట్టి చల్లటి మూల దాచండి. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో తేదీ వెయ్యండి. ఎందుకంటే మన పెట్ట మేతకు దిగినప్పుడు పక్క పెట్ట వచ్చి అదే గంపలో గుడ్డు పెట్టి పోతుంది. గుర్తు లేకపోతే ఏది పాతదో, ఏది కొత్తదో తెలియక మొత్తం గందరగోళం.

గంపలో కాస్త ఇసుక, పైన ఎండుగడ్డి, మధ్యలో గుంట. గడ్డి కింద ఎండు పొగాకు గానీ వేపాకు గానీ వేస్తే పేలు తగ్గుతాయి. పేలు పడితే ఎంత మంచి పెట్టయినా గుడ్ల మీంచి లేచిపోతుంది. నాటుపెట్టకు 10 నుంచి 12 గుడ్లు చాలు. చలికాలం అంతకంటే ఎక్కువ పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి. రోజుకోసారి అదే దిగుతుంది, తిని, తాగి, దుమ్ములో పొర్లి, పావుగంటలో ఎక్కేస్తుంది. మనం కెలకక్కర్లేదు. గుడ్లు తిప్పడం కూడా దాని పనే.

ఏడో రాత్రి మాత్రం ఒక పని చెయ్యండి. అట్టముక్కకు చిన్న కన్నం పెట్టి, కింద సెల్‌ఫోన్ లైటు వేసి, గుడ్డును దాని మీద నిలబెట్టండి. బతికిన గుడ్డయితే మధ్యలో నల్లటి చుక్క, చుట్టూ సాలెపురుగు కాళ్లలాగా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. చుక్క కదులుతుంది కూడా. ఏమీ లేక తెల్లగా వెలిగితే అది ఉత్త గుడ్డు, తీసెయ్యండి. అలాగే వదిలితే మురిగి, గంపలో పగిలిందంటే ఆ వాసనకు మీరు ఇల్లు వదిలిపోవాలి. మా అత్తగారు గంపలో బొగ్గు, ఎండుమిరపకాయ, ఇనుప మేకు పెట్టేవారు, ఉరుముకు గుడ్లు మురిగిపోతాయని. మేకు వల్ల నష్టం లేదు, పెట్టుకోండి. లైటు వేసి చూడటం మాత్రం మానకండి.

19, 20 రోజులకు గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి నుంచి కీచుమని వినిపిస్తుంది. పెట్ట కూడా సన్నగా బదులిస్తుంది. 21వ రోజు పెంకు చిట్లుతుంది. చిట్లి అలాగే గంటలకొద్దీ ఉండొచ్చు. టెన్షన్ పడి గోటితో పెంకు ఒలిచారో, నెత్తురు కారి పిల్ల పోతుంది. ముందు లేచిన పిల్లలకు తిండి పెట్టాలని కంగారు కూడా వద్దు. పచ్చసొన వాటి కడుపులోకే వెళ్తుంది, రెండు రోజులు దానితో బతుకుతాయి.

మేడం చీటీ పంపారు. అయిపోవచ్చింది మేడం. అసలు విషయం ఇప్పుడే మొదలైంది.

పన్నెండు పెడితే తొమ్మిది, పది పిల్లలు లేస్తాయి. నెల తిరిగేసరికి ఎన్ని మిగులుతున్నాయి? గద్దలు, పిల్లులు, ముంగిసలు కొన్ని తీసుకుపోతాయి. మిగతావన్నీ కొక్కెర తెగులుకే కదా పోయేది? పచ్చగా పారడం, మెడ వంకర తిరగడం, వారంలో వీధి మొత్తం ఖాళీ. దానికి టీకా ఉంది. ఐదో రోజు నుంచి ఏడో రోజు మధ్య లసోటా అనే టీకా, కంట్లోగానీ ముక్కులోగానీ ఒక చుక్క. రెండో నెల నిండేటప్పుడు ఇంకో టీకా, ఇంజెక్షన్. ఖరీదైనది కాదు. మరి ఎందుకు వేయించలేకపోతున్నాం? లసోటా సీసాలో డోసులు వందల్లో ఉంటాయి. కలిపాక ఐసులో పెట్టుకుని గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి. మీ ఇంట్లో తొమ్మిది పిల్లలు, అదీ ఈ వారం. పక్కింట్లో ఎనిమిది, అవి వచ్చే నెల. తొమ్మిది పిల్లల కోసం సీసా ఎవరు విప్పుతారు? పశువుల డాక్టరు గారిని తిట్టి లాభం లేదు.

అందుకని నేనడిగేది ఒకటే. సంఘం మొత్తం ఒకే రాత్రి పొదగేద్దాం. పది ఇళ్లు, పది పెట్టలు, 120 గుడ్లు. మురిగినవి పోను 90 పిల్లలు ఒకే రోజు లేస్తాయి. సీసా ఒకటి సరిపోతుంది, డాక్టరు గారు ఒకసారి వస్తే చాలు. పెట్టలన్నీ ఒకేసారి పొదుగుకు రావు కదా అంటారు, అవును. ముందొచ్చినదాన్ని ముంచకుండా రెండు పాత గుడ్లు ఇచ్చి కూర్చోబెట్టండి. వారం, పది రోజులు ఆగుతుంది. ఈలోగా రెండోది, మూడోది వస్తాయి. మంచి గుడ్లు అందరికీ అదే రాత్రి పెట్టి, పాతవి తీసేద్దాం.

ఇంకో లాభం ఉంది. రెండు పెట్టలకు ఒకే రోజు పిల్లలు లేస్తే, ఇందాక చెప్పినట్టు రాత్రిపూట మొత్తం పిల్లల్ని ఒక పెట్ట కిందకు చేర్చండి. ఇరవై పిల్లల్ని ఒక తల్లి తిప్పుకోగలదు. రెండోది పిల్లల వెంట రెండు మూడు నెలలు తిరక్కుండా త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. మేడం అడిగిన అదనపు ఆదాయం ఇదే. సంక్రాంతి పుంజుల్ని పెంచేవాళ్లను చూడండి, పందెం జాతి కోళ్ల గుడ్లు ఖరీదు పెట్టి కొని, ఊళ్లో ఏ ఇంట్లో నాటుపెట్ట పొదుగు మీదుందో వెతుక్కుంటూ వస్తారు. జాతి పెట్ట బరువుకు గుడ్లు పగులుతాయని వాళ్లకు తెలుసు. అలాంటి పెట్టను మనం బకెట్టులో ముంచుతున్నాం.

ఎండలు ముదిరితే గుడ్లు నిలవవు, కాబట్టి కార్తీకంలోనే మొదలుపెట్టాలి. కార్తీక పౌర్ణమి రాత్రి అనుకుందాం, అందరికీ గుర్తుంటుంది. అక్కడి నుంచి 21 రోజులకు పిల్లలు, ఆ తర్వాత వారం లోపు టీకా. ఎవరింట్లో పెట్ట పొదుగు మీదుందో, ఎవరిదగ్గర పుంజు ఉందో ఇప్పుడే బుక్‌కీపర్ దగ్గర పేరు రాయించండి. పుంజు లేనివాళ్లు పక్కింటి గుడ్లు మార్చుకోండి, డబ్బులు అడక్కండి. పశువుల ఆసుపత్రి నుంచి ఐసుపెట్టెలో సీసా ఎవరు తెస్తారో కూడా ఇక్కడే తేలాలి. నేను తేలేను, మా ఊరి బస్సు పదకొండింటికి గానీ రాదు. బండి ఉన్నవాళ్లు లేవండి. ఎవరూ లేవట్లేదేంటి?