కొబ్బరి పీచు ప్లాస్టిక్‌కి ఎంత బలం ఇస్తుంది?

అందరికీ నమస్కారం. అంబాజీపేట, అమలాపురం వైపు పీచు యూనిట్లు నడిపేవాళ్లు చాలామంది వచ్చారు, అందుకే నేరుగా విషయంలోకి వెళ్దాం. మన పీచు కలిపితే ప్లాస్టిక్ గట్టిపడుతుందా అని అడుగుతున్నారు. గట్టిపడుతుంది, కానీ ఏ రకంగా గట్టిపడుతుందో తెలుసుకుని దిగాలి.

కుర్చీలు చేసే పాలీప్రొపిలీన్‌ని లాగితే సుమారు 30 మెగాపాస్కల్స్ (లాగుడు ఒత్తిడిని కొలిచే యూనిట్) దగ్గర లొంగిపోతుంది. అందులో 30 శాతం గాజు ఫైబర్, రెండింటినీ అతికించే రసాయనం వేస్తే బలం రెండింతలు దాటుతుంది. లాగుడు భారం ముందు ప్లాస్టిక్ మీద పడి, అక్కడి నుంచి ఫైబర్ ఒంటి మీదుగా దానిలోకి ఎక్కుతుంది, అందుకే పొడవు అంత ముఖ్యం. నారు పీకినప్పుడు పొట్టి వేరు ఊడొచ్చేస్తుంది, లోతుగా పట్టిన వేరు తెగుతుంది, చూశారుగా, ఫైబరూ అంతే. కనీస పొడవు లేకపోతే తన బలం చూపించకుండానే ఊడిపోతుంది. పట్టు రెట్టింపైతే ఆ పొడవు సగం చాలు. 1965లో కెల్లీ, టైసన్ అనే శాస్త్రవేత్తలు రాగిలో టంగ్‌స్టన్ తీగలు పెట్టి తేల్చిన లెక్క ఇది.

ఊక పొడి, సున్నపురాయి పొడి లాంటివాటికి ఆ పొడవు లేదు. వాటితో బిగువు, అంటే సులువుగా వంగని గుణం, పెరుగుతుంది గానీ లాగుడు బలం పెద్దగా పెరగదు, రేణువులు పెద్దవైతే పగులు అక్కడే మొదలవుతుంది.

ఇక మన పీచు. గాజు ఫైబర్ బలం 2000 మెగాపాస్కల్స్ పైమాటే, కొబ్బరి పీచుది 100 నుంచి 200 మధ్య. కాబట్టి గాజుకి బదులు ఇదే అని ఎవరైనా చెబితే నమ్మకండి! దీని సుగుణం వేరు: గాజు 5 శాతం కూడా సాగకుండా తెగితే ఇది 15 శాతం పైనే సాగుతుంది, బరువు గాజులో సగమే. కారు డోరు లోపలి ప్యానెళ్లు, పూల కుండీలు, ట్రేల లాంటివాటికి ప్రయత్నించొచ్చు.

అయితే పీచు నీళ్లు పీల్చేది, పాలీప్రొపిలీన్ నీటికి పడనిది, రెండూ వాటంతటవి అతుక్కోవు. మాలేయిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం అంటించిన పాలీప్రొపిలీన్ కొద్ది శాతం కలిపితే పట్టు వస్తుంది. మన డెల్టా తేమలో పీచుని ఎండలో వేసి ఊరుకుంటే చాలదు, మెషీన్‌లో వేసే ముందు ఓవెన్‌లో ఆరబెట్టాలి, లేకపోతే ఆవిరి బుడగలు వస్తాయి. వేడి 200 డిగ్రీలు దాటనివ్వకండి, పీచు మాడిపోతుంది. మెషీన్‌లో ప్లాస్టిక్‌ని కరిగించి కలిపే స్క్రూని మరీ జోరుగా తిప్పితే పీచు ముక్కలైపోయి, ఇందాక చెప్పిన పొడవు కాస్తా పోతుంది.