కొండ ఉత్తరాన, ఎండ నెత్తిన

సభకు నమస్కారం. ఇల్లు కట్టుకోబోతున్న వాళ్ళు, కట్టడం సగంలో ఉన్న వాళ్ళు, కట్టేసి తల పట్టుకున్న వాళ్ళు, ముగ్గురూ ఈ హాలులో ఉన్నారని నాకు తెలుసు. మూడో రకం వాళ్ళే శ్రద్ధగా వింటారని అనుభవం మీద చెబుతున్నాను.

తిరుపతిలో స్థలం అంకణాల్లో అమ్ముతారు. అంకణమంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, 36 చదరపు అడుగులు. హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళకు గజాల్లోకి మార్చి చెప్పాల్సి వస్తుంది. నిజానికి ఈ మాట ఇంటి లోపల పుట్టింది. నాలుగు స్తంభాల నడుమ, దూలానికీ దూలానికీ మధ్య ఉండే చోటు పేరు అంకణం. పెద్దవాళ్ళు "మాది ఎనిమిది అంకణాల ఇల్లు" అంటే లోపల ఎంత నీడ ఉందో చెప్పినట్టు. ఇప్పుడు అంకణమనగానే మనకు గుర్తొచ్చేది రేటు. ఇల్లు కూడా ఆ మాట వెంటే వీధిలోకి వచ్చేసింది.

ఇంటి ప్లాను గీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు కూర్చోకముందే ఫోను తీసి బొమ్మ చూపిస్తారు. "ఎలివేషన్ ఇలా రావాలి సార్." అంటే వీధిలోంచి కనిపించే ఇంటి ముఖం. బూడిద రంగు గోడలు, చెక్కలా కనిపించే షీట్లు, నల్లటి అల్యూమినియం పట్టీలు, రెండంతస్తుల ఎత్తు గాజు. చూడటానికి బాగానే ఉంటుంది. ఆ ఇల్లు ఏ దేశంలో ఉందో, అక్కడ ఎండ ఎంతో అడిగినవారు ఇంతవరకు లేరు. ఈ బొమ్మలన్నిటిలోనూ ఒకటి కనిపించదు: కిటికీ పైన ముందుకు పొడుచుకొచ్చే సజ్జ. డబ్బాలా నున్నగా ఉండాలంటే సజ్జ అడ్డమట! దాన్ని తీసేశాక వాన కిటికీ చట్రం సందులోంచి హాలులోకి వస్తుంది, గోడ మీద నల్లటి చారలు దిగుతాయి. మనకు పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యపు గాలితో. ఏటవాలుగా కొట్టే ఆ వానకు సజ్జ లేని కిటికీ తెరిచిన తలుపే.

ఇక ఎండ సంగతి. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరంగా పదమూడున్నర డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఈ రెండింటి మధ్య దాదాపు నాలుగు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. కాబట్టి ఉత్తరపు కిటికీకి ఎండే రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. వస్తుంది. అయితే మధ్యాహ్నం అది నిట్టనిలువుగా వచ్చే ఎండ, రెండడుగుల సజ్జ చాలు దానికి. పడమటి ఎండ అలా కాదు. సజ్జ కింద నుంచి దూరి మంచం దాకా వస్తుంది.

తిరుచానూరు వైపు ఒక పెద్దమనిషి ఇల్లు కట్టారు. పేరు చెప్పను, ఆయన కూడా ఈ సభలో ఉన్నారేమో. మెట్లు పడమర వైపు వచ్చాయి. వాటి పొడవునా పద్దెనిమిది అడుగుల గాజు పెట్టించారు. గృహప్రవేశం ఫిబ్రవరిలో జరిగింది, అందరం మెచ్చుకున్నాం. మార్చిలో తెరలు వచ్చాయి. ఏప్రిల్‌లో గాజుకు నల్ల ఫిల్ము, మే మొదట్లో రెండు టన్నుల ఏసీ. మే నెలాఖరుకు నేను వెళ్ళేసరికి, నర్సరీల్లో మొక్కలకు కట్టే పచ్చటి వల ఆ గాజు మీద పైనుంచి కింది దాకా వేలాడుతోంది. లక్షలు పోసిన ఎలివేషన్ ఆ వల వెనక ఉంది. రాత్రి పది గంటలకు ఆయన నా చెయ్యి పట్టుకుని హాలు గోడకు ఆనించారు. పొయ్యి మీద నుంచి దింపి కాసేపైన పాలగిన్నెలా ఉంది.

ఆ గోడ కన్నా పెద్ద పొయ్యి పైన ఉంది. మన ఊరి ఇంటికి అసలు ఎలివేషన్ శ్లాబే. సూర్యుడు చూసేది దాన్ని, వీధిలో వెళ్ళేవాళ్ళు చూసేది ముందు గోడని. ఖర్చంతా రెండో దాని మీద పెడతాం. కేంద్ర ప్రభుత్వం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళకు ఒక నియమావళి తెచ్చింది. కప్పుకు ఇటూ అటూ ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదని అందులో ఉంది. ఏమీ కప్పని ఐదంగుళాల శ్లాబు దీనికి రెండింతలకు పైగానే వేడిని దింపుతుంది. శ్లాబు మీద వేడిని ఆపే ఎక్స్‌పీఎస్ నురుగు పలక ఒక అంగుళం మందాన పరిచి, పైన తెల్లటి పెంకులు వేస్తే లెక్క పరిమితిలోకి వస్తుంది. డబ్బు లేదంటారా, ప్రతి వేసవికీ ముందు తెల్ల సున్నం కొట్టించండి. పాత మిద్దెలకు బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపిన సున్నం పూసినవాళ్ళు నియమావళి చదివి పూయలేదు. శ్లాబును ఎండకు వదిలేసి, కింద జిప్సం సీలింగు కొట్టి లోపల రంగుల దీపాలు పెట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

చంద్రగిరి రాజమహలులోకి మే నెల మధ్యాహ్నం వెళ్ళి చూడండి. కలప ముట్టకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టినది. మందపు గోడల మధ్య ఒక్కసారి ఊపిరి తిరుగుతుంది. అంత గోడ మనం కట్టలేం, ఒప్పుకుంటాను. అంకణం ధర చూస్తే గోడ మందం కూడా డబ్బే. అందుకే అందరూ లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలకు, అంటే ఏఏసీ బ్లాకులకు వెళుతున్నారు. వేడిని బాగానే ఆపుతాయి. కానీ బేల్దారి మేస్త్రి పాత అలవాటుతో ఎర్రిటుకలాగే వాటిని నీళ్ళలో నానబెట్టి, అంగుళం మందాన సిమెంటు వేసి పేరిస్తే ఏడాది తిరగకుండా పూత చిట్లుతుంది. పైపైన తడిపి, వాటికని వచ్చే పల్చటి జిగురు మిశ్రమమే వాడాలి.

మన అదృష్టం కొండ ఉత్తరాన ఉంది. మీకు పెద్ద గాజు కావాలంటే అటు పెట్టుకోండి. శేషాచలం కనిపిస్తుంది, కరెంటు బిల్లూ బతుకుతుంది.

కొండ మాట వచ్చింది కాబట్టి బంధువుల మాట కూడా చెప్పాలి. తిరుపతిలో ఇల్లంటే సగం సత్రం. కొత్త ప్లాన్లలో ప్రతి పడకగదికీ ఒక స్నానాలగది ఉంటుంది, హాలు నుంచి వెళ్ళేది ఒక్కటీ ఉండదు. తెల్లవారుజామున రెండు గంటలకు గుండ్లు కొట్టించుకున్న ఏడుగురు దిగితే, నిద్రపోతున్న కోడలి మంచం పక్క నుంచి ఒక్కొక్కరు తువ్వాలు భుజాన వేసుకుని నడవాలి. మెట్ల కింద ఒక స్నానాలగది, వాకిట్లో నాలుగడుగుల అరుగు, ఈ రెండూ తీసేయమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. వాస్తు చెప్పేవారైనా సరే.

ఇక సంపు, అంటే నేలలో కట్టే నీళ్ళ తొట్టి గురించి. 2021 నవంబరు వానల తర్వాత శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి సంపు, శుభ్రం చేస్తుండగా, సిమెంటు రింగులతో సహా భూమిలోంచి పైకి లేచింది. జనం వింతగా వెళ్ళి చూశారు, కొందరు దణ్ణం పెట్టారు కూడా. చుట్టూ నేల నీటితో నిండి ఉన్నప్పుడు ఖాళీ చేసిన సంపు పడవ అవుతుంది, అంతే. స్వర్ణముఖి వైపు, పూడిన చెరువుల మీద కట్టేవాళ్ళు వానాకాలంలో సంపు ఖాళీ చేయకండి. అడుగున బరువైన కాంక్రీటు వేయించండి.

చివరిగా సౌర పలకలు. పీఎం సూర్య ఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆ పైన 78,000 రూపాయల రాయితీ ఉంది. కిలోవాటుకు వంద చదరపు అడుగుల మిద్దె కావాలి. కొసరుగా ఆ మేరకు శ్లాబుకు నీడా దొరుకుతుంది. చిక్కెక్కడంటే, మనం నీళ్ళ ట్యాంకు నైరుతిలో ఎత్తుగా కడతాం. మధ్యాహ్నం దాటాక దాని నీడ పలకల మీద పడుతుంది. ఒక పలక మూల నీడలో ఉన్నా దానితో కలిపిన వరుస మొత్తం నీరసపడుతుంది. ట్యాంకు ఎత్తు, మెట్ల గది ఎత్తు, పలకల చోటు, మూడూ ఒకే కాగితం మీద ముందే గీయించుకోండి.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు అడగండి. వెనక వరుసలో ప్లాను చుట్ట పట్టుకుని వచ్చిన దంపతులు, ముందు మీది చూద్దాం రండి. అమ్మా, ఇందులో ఉత్తరం ఎటో గీయలేదేమిటి?